ప్రిన్స్ ముందు పడిపోతున్న ట్యాంక్: 88.22 నుంచి 102.64 దాకా

2021 నవంబరు 13, శనివారం రాత్రి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో, కరాజాన్ కోట చివరి మెట్టు దగ్గర ప్రిన్స్ మల్కెజార్ అనే బాస్ చేతిలో వరసగా ఐదుసార్లు రెయిడ్ (కలిసి ఆడే పదిమంది జట్టు) మొత్తం పడిపోయినాం. ఐదింటిలో నాలుగుసార్లు ముందుగా పోయింది ట్యాంకే, అంటే బాస్ దెబ్బలు తనమీద వేసుకునే ఆటగాడు. నాలుగుసార్లూ ఒకే చోట పోయినాడు: బాస్ ప్రాణం 60 శాతానికి దిగి రెండో దశ మొదలయ్యాక. ప్రాణం నింపే హీలర్ల తెరమీద నిండుగా ఉన్న అతని ప్రాణం పట్టీ రెండు మూడు సెకన్లలో ఖాళీ అయిపోయేది.

మా గిల్డ్‌లో, అంటే ఆటలో మేం కట్టుకున్న సంఘంలో, అందరం తిరుపతి, చిత్తూరు, పుత్తూరు చుట్టుపక్కల వాళ్ళమే. అప్పుడు ఆడేది ఆ ఆటలోని బర్నింగ్ క్రూసేడ్ క్లాసిక్. 2007 నాటి ఆటను 2021 జూన్‌లో మళ్ళీ తెరిచినారు కదా, అది. మేమున్నది యూరప్ సర్వర్లో. అక్కడి సాయంత్రం ఐదు గంటలంటే వేసవిలో మనకు రాత్రి ఎనిమిదిన్నర. అక్టోబరు 31న వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకున్నాక అదే మనకు తొమ్మిదిన్నర అయింది. ఉద్యోగాలు, పిల్లలు ఉన్న పదిమంది ఒక్కచోట చేరేది వారానికి ఆ ఒక్క రాత్రే. అందులో ఐదు ప్రయత్నాలు ఒకే గోడకు కొట్టుకుంటే మాటలు మాటలు వచ్చేస్తాయి. ఆ రాత్రీ వచ్చినాయి.

ఆటలో నేను ప్రీస్ట్ రకం హీలర్‌ని, రెయిడ్ నడిపేదీ నేనే. ఏ ట్యాంక్ పడిపోతున్నా గేర్ (తొడుక్కున్న కవచాలు, ఆయుధాలు) విప్పి చూసి లెక్క కట్టడం కొన్నేళ్ళుగా నా పని. ఈసారి కేసు మా ట్యాంక్, పాలడిన్ రకం పాత్ర ఆడే తమ్ముడిది. చిత్తూరు కొంగారెడ్డిపల్లెలో ఉంటాడు, ఎంసీఏ చదువుతున్నాడు. చేతివాటం మంచిది, పట్టుదల ఉంది. ఆ రాత్రి అందరూ వెళ్ళిపోయాక వాయిస్‌లో ఉండిపోయి, "అన్నా, నేను ట్యాంక్ మానేసి డ్యామేజ్‌కి మారిపోతా. నా వల్ల అందరి శనివారం పోతాంది" అన్నాడు. పుత్తూరు నుంచి ఆడే మా ఇంకో హీలర్, డ్రూయిడ్ అక్క ఒప్పుకోలేదు. "అబ్బోడి చేతిలో తప్పేం లేదప్పా. నేను హీల్ నొక్కేలోపలే పోతావుండాడు. మొదట అదెందుకో చూడండి" అనింది.

నేను మొదలుపెట్టింది ఆ మాటతోనే. హీల్ వేసేలోపల పోతున్నాడంటే సగటు దెబ్బలతో దానికి సంబంధం లేదు. రెండు సెకన్లలో పడగలిగే అతి పెద్ద దెబ్బల గుంపు ఎంత, అది ఎందుకు పడుతోంది అన్నదే చూడాలి.

వచ్చినప్పుడు ఉన్న స్థితి

లెవెల్ 70, బఫ్‌లు (తిండి, మందులు, తోటివాళ్ళ మంత్రాల వల్ల కాసేపు వచ్చే బలం) లేకుండా ప్రాణం 12,900. ఆర్మర్ 13,400. డిఫెన్స్ 478. దెబ్బనుంచి తప్పుకునే డాడ్జ్ 17.30, ఆయుధంతో తోసేసే ప్యారీ 14.60, షీల్డ్‌తో కొంత దెబ్బ ఆపే బ్లాక్ 16.20 శాతం. రాళ్ళు పొదిగే ప్రతి సాకెట్‌లోనూ, ఎర్ర సాకెట్లతో సహా, 12 స్టామినా (ప్రాణం పెంచే గుణం) ఇచ్చే నీలం రాయి సాలిడ్ స్టార్ ఆఫ్ ఎలూన్. తలకు ఎన్‌చాంట్ (గేర్‌కు మంత్రంతో వేయించే అదనపు బలం) లేదు. క్లోక్‌కు 120 ఆర్మర్, షీల్డ్‌కు 18 స్టామినా. బఫ్‌లన్నీ పడ్డాక ప్రాణం 15,800 దాకా వచ్చేది.

గిల్డ్‌లో అందరి వేలూ చూపించింది 478 వైపే. డిఫెన్స్ 490 ఉండాలన్నది ఈ ఆటలో ట్యాంక్‌కు చెప్పే మొదటి పాఠం. అది ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. రెయిడ్ బాస్‌ను ఆట లెవెల్ 73 కింద లెక్క వేస్తుంది. అతనికి మనమీద క్రిట్ (మామూలు కంటే చాలా పెద్ద దెబ్బ) అవకాశం మామూలుగా 5 శాతం, మూడు లెవెళ్ళ తేడాకు ఇంకో 0.6, మొత్తం 5.6. లెవెల్ 70కి సహజంగా ఉండే 350 డిఫెన్స్ దాటిన ప్రతి పాయింటూ క్రిట్‌ను 0.04 తగ్గిస్తుంది. 5.6ను 0.04తో భాగిస్తే 140. 350కి 140 కలిపితే 490. మా తమ్ముడికి 12 పాయింట్లు తక్కువ, అంటే మిగిలిన క్రిట్ అవకాశం 0.48 శాతం. రెండు వందల దెబ్బల్లో ఒకటి. నాలుగు చావులకూ అదే కారణమంటే నాకు నమ్మకం కుదరలేదు.

లాగ్ చెప్పింది

తమ్ముడు తెర రికార్డు చేసి పెట్టినాడు, నా దగ్గర కాంబాట్ లాగ్, అంటే ప్రతి దెబ్బనూ ఆట రాసిపెట్టే చిట్టా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి నాలుగు చావుల ముందు ఐదేసి సెకన్లు ఒక్కో దెబ్బా రాసుకున్నాను. తగిలిన దెబ్బలు మొత్తం 21. అందులో 3 బ్లాక్ అయినవి, 7 మామూలువి, 11 క్రషింగ్ బ్లోలు. క్రిట్ ఒక్కటి కూడా లేదు.

చనిపోయిన క్షణాలనే ఏరుకొని చూస్తున్నాం కాబట్టి ఇందులో దురదృష్టం పాలు కొంత ఎక్కువ కనిపిస్తుంది, అది మనసులో పెట్టుకోవాలి. అయినా 21లో 11 అంటే వదిలేసే సంఖ్య కాదు. క్రషింగ్ బ్లో అంటే మామూలు దెబ్బకు ఒకటిన్నర రెట్లు. మనకంటే మూడు లెవెళ్ళు పైనున్న శత్రువుకు ప్రతి దెబ్బమీదా 15 శాతం అవకాశం. డిఫెన్స్ ఎంత పెంచినా ఆ 15 నేరుగా తగ్గదు. అందుకే 490 అయితే చాలనుకునేవాళ్ళు ఇక్కడ మోసపోతారు.

మామూలు దెబ్బ మా లాగ్‌లో 3,800 చుట్టూ ఉంది. క్రష్ 5,700. మూడు క్రష్‌లు వరసగా పడితే 17,100. ఉన్న ప్రాణం 15,800. అక్క చెప్పింది అక్షరాలా నిజం. మధ్యలో హీల్ పడకపోతే మూడో దెబ్బ తర్వాత చేసేదేం లేదు.

ఆ 11 క్రష్‌లను విడదీస్తే మూడు గుంపులైనాయి. బ్లాక్ అవకాశాన్ని కొన్ని సెకన్లు పెంచే పాలడిన్ మంత్రం హోలీ షీల్డ్ వెలుగుతుండగా పడినవి 4. హోలీ షీల్డ్ ఆరిపోయి ఉన్నప్పుడు 5. బాస్‌కు వీపు చూపించినప్పుడు 2. ఒకే చావు లాగా కనిపించినది మూడు వేర్వేరు లోపాల వల్ల జరుగుతోంది. మూడింటికీ మందు వేరు.

ఒకే బస్సు, నూరు సీట్లు

తమ్ముడికి అర్థమయ్యేలా చెప్పడానికి తిరుమల కొండకు పోయే ఆర్టీసీ బస్సును తీసుకున్నాను. ఘాట్ రోడ్డులో నిలబడి పోనివ్వరు, సీటుంటేనే ఎక్కాలి. నూరు సీట్ల బస్సు అనుకో. మిస్ వాళ్ళు మొదట ఎక్కుతారు, తర్వాత డాడ్జ్, తర్వాత ప్యారీ, బ్లాక్, క్రిట్, క్రష్. అందరూ కూర్చున్నాక మిగిలిన సీట్లలో మామూలు దెబ్బ కూర్చుంటుంది. బాస్ ఒక్కసారి కత్తి ఎత్తితే ఆట ఒక్క పాచికే వేస్తుంది, ఏ సీటు నంబరు వస్తే అదే జరుగుతుంది.

ముందు ఎక్కేవాళ్ళు పెరిగేకొద్దీ మొదట దిగిపోయేది చివర ఎక్కిన మామూలు దెబ్బ. అది పూర్తిగా దిగిపోయాకే క్రష్ సీట్లు తగ్గడం మొదలవుతుంది. ఇది చాలామందికి తట్టదు. డాడ్జ్ 2 శాతం పెంచినా క్రష్‌లు తగ్గలేదే అని వాపోయేవాళ్ళు బస్సులో మామూలు దెబ్బను మాత్రమే దించినారు. క్రష్ ఇంకా తన 15 సీట్లలో హాయిగా కూర్చునే ఉంది.

క్రష్‌ను కూడా పూర్తిగా దించాలంటే మిస్, డాడ్జ్, ప్యారీ, బ్లాక్ నాలుగూ కలిపి 102.4 కావాలి. నూరు ఎందుకు చాలదంటే, లెవెల్ 73 బాస్ ముందు ఆ నాలుగింటిలో ఒక్కోదానికి 0.6 చొప్పున కోత పడుతుంది. నాలుగు ఆర్లు 2.4.

తమ్ముడి లెక్క ఇది. మిస్‌కు సహజంగా 5, డిఫెన్స్ వల్ల 5.12, మొత్తం 10.12. దానికి 17.30, 14.60, 16.20 కలిపితే 58.22. హోలీ షీల్డ్ వేస్తే బ్లాక్ 30 పెరుగుతుంది, 88.22. కావలసినదానికి 14.18 తక్కువ. ఆ 14.18 సీట్లలో 0.48 క్రిట్‌వి, మిగిలిన 13.70 మొత్తం క్రష్‌వే. మామూలు దెబ్బకు ఒక్క సీటూ లేదు. అంటే హోలీ షీల్డ్ వెలుగుతున్నంతసేపు అతనికి బ్లాక్ కాకుండా తగిలే దెబ్బ దాదాపు ప్రతిదీ క్రష్ అయ్యే తీరాలి. లాగ్‌లో వెతికితే అలాగే ఉంది. షీల్డ్ వెలుగులో మామూలు దెబ్బ రాత్రంతా ఒక్కటి లేదు. కాగితం మీది లెక్క లాగ్‌తో ఇంత కచ్చితంగా కలిసినప్పుడు నాకు కలిగే సంతోషం వేరు. రోగం దొరికిందన్న ధైర్యం అక్కడే వచ్చింది.

వానలో ఆగిన వారం

ఆ వారం 18, 19 తేదీల్లో తిరుపతిలో కురిసిన వాన ఇక్కడున్నవాళ్ళు ఎవరూ మరిచిపోరు. కపిలతీర్థం దగ్గర కొండమీది నీళ్ళు ఉరికి వచ్చినాయి, వీధులు కాలువలైనాయి. బైరాగిపట్టెడలో మా ఇంటి ముందు మోకాలి లోతు. కరెంటు లేదు, నెట్ లేదు. 20వ తేదీ రెయిడ్ మాట ఎవరూ ఎత్తలేదు. ఒకరి క్షేమం ఒకరు కనుక్కోవడమే సరిపోయింది. నీళ్ళు తీసినాక, పాత నోటు పుస్తకంలో ఈ లెక్కంతా చేత్తో వేసుకున్నాను. తెర ముందు కూర్చుంటే వెంటనే ఏదో ఒక రాయి మార్చేయాలనిపిస్తుంది. కాగితం మీదైతే దేనికి ఏం పోతుందో రెండు వరసల్లో రాసి చూడక తప్పదు.

మొదటి పని డిఫెన్స్. చావులకు కారణం అది కాకపోయినా దాన్ని 490కి తేవాల్సిందే. వీపు తిప్పినప్పుడు, స్టన్ అయి కదల్లేనప్పుడు బ్లాక్‌లూ డాడ్జ్‌లూ ఏవీ ఆదుకోవు. అప్పుడు క్రిట్ రాకుండా కాపాడేది డిఫెన్స్ ఒక్కటే. గేర్ మీద రాసుండేది రేటింగ్, లెవెల్ 70లో ఒక పాయింటుకు 2.37 దాకా రేటింగ్ పడుతుంది. తలకు గ్లిఫ్ ఆఫ్ ది డిఫెండర్ పెట్టిస్తే 16 డిఫెన్స్ రేటింగ్, 17 డాడ్జ్ రేటింగ్ వస్తాయి. అందుకు ఆటలోని కీపర్స్ ఆఫ్ టైమ్ అనే వర్గం దగ్గర రెవర్డ్ స్థాయి పేరు కావాలి. చిత్తూరులో కరెంటు ఉన్న రాత్రులు తమ్ముడు ఆటలో బ్లాక్ మొరాస్ అనే చోట తిరిగి ఆ పేరు తెచ్చుకున్నాడు. క్లోక్‌కు 120 ఆర్మర్ తీసి 12 డిఫెన్స్ రేటింగ్ ఇచ్చే ఎన్‌చాంట్ వేయించినాం. ఒక నీలం రాయి తీసి 4 డిఫెన్స్ రేటింగ్, 6 స్టామినా ఉన్న ఎండ్యూరింగ్ టలసైట్ పెట్టినాం. మొత్తం 32 రేటింగ్, డిఫెన్స్ 491. డిఫెన్స్ పాయింట్ ఒక్కటి క్రిట్‌తో పాటు మిస్, డాడ్జ్, ప్యారీ, బ్లాక్ నాలుగింటికీ 0.04 చొప్పున ఇస్తుంది కాబట్టి 13 పాయింట్లకు 2.08, గ్లిఫ్‌లోని డాడ్జ్ రేటింగ్‌కు 0.90 కలిసి 58.22 కాస్తా 61.20 అయింది. షీల్డ్‌తో 91.20.

రెండోది లిబ్రామ్, పాలడిన్ పెట్టుకునే పుస్తకం. అతను వాడుతున్నది త్రెట్ (బాస్ దృష్టిని ట్యాంక్ మీదే నిలిపేది) పెంచేది. లిబ్రామ్ ఆఫ్ రిపెంటెన్స్ హోలీ షీల్డ్ ఉన్నంతసేపు 42 బ్లాక్ రేటింగ్ ఇస్తుంది. 7.88 రేటింగ్‌కు ఒక శాతం లెక్కన 5.33. ఖరీదు 15 బ్యాడ్జీలు, బాస్‌లను పడగొడితే వచ్చే నాణేల్లాంటివి. తమ్ముడి దగ్గర 22 ఉన్నాయి, వేరే ఏదో పెద్ద వస్తువు కోసం దాస్తున్నాడు. "అన్నా, అన్నీ దీనికేనా?" అని ఒక రోజంతా తటపటాయించినాడు. ప్రొటెక్షన్ పాలడిన్ (ట్యాంక్‌గా ఆడే పాలడిన్) తొలి బ్యాడ్జీలు పెట్టాల్సింది దీనిమీదే. 15 బ్యాడ్జీలకు 5.33 శాతం ఇంకెక్కడా దొరకదు.

షీల్డ్ ఎన్‌చాంట్ మార్చి 18 స్టామినా బదులు 15 బ్లాక్ రేటింగ్ పెడితే 1.90. రెండు ఎర్ర సాకెట్లలో నీలం రాళ్ళు తీసి 8 డాడ్జ్ ఇచ్చే సటిల్ లివింగ్ రూబీలు పెడితే 0.85. ఇప్పటికి 99.28. ఇంకా 3.12 కావాలి.

మిగిలింది గేర్‌తో తేవాలంటే స్టామినా బాగా పోతుంది. అందుకే బఫ్‌ల వైపు తిరిగినాను. పాలడిన్‌కు 25 ఎజిలిటీకి (చురుకుతనం) ఒక శాతం డాడ్జ్. ఎలిక్సిర్ ఆఫ్ మేజర్ ఎజిలిటీ 35, అక్క వేసే మార్క్ ఆఫ్ ది వైల్డ్ 14, గ్రిల్డ్ మడ్‌ఫిష్ తింటే 20, కలిపి 69. అది 2.76 శాతం. అతని సొంత 84తో కలిపి 153 మీద బ్లెసింగ్ ఆఫ్ కింగ్స్ పది శాతం ఇస్తే ఇంకో 15 ఎజిలిటీ, అంటే 0.60. మొత్తం 102.64. షామన్ నేలలో పాతే గ్రేస్ ఆఫ్ ఎయిర్ టోటెమ్ 77 ఎజిలిటీ ఇస్తుంది, దాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. ప్రిన్స్ పైనుంచి దించే ఇన్‌ఫెర్నల్స్ అనే నిప్పు రాక్షసులు పడినప్పుడు ట్యాంక్ జరిగితే టోటెమ్ పరిధి దాటిపోతాడు. ప్రాణం నిలబెట్టాల్సిన అంకె ఒక కర్రముక్క దూరంమీద ఆధారపడకూడదు.

ఏం పోయింది

ఊరికే ఏదీ రాలేదు. పోయిన స్టామినా 48, టాలెంట్లతో (పాయింట్లు పెట్టి ఎంచుకునే నైపుణ్యాలు) కలిపి 56 దాకా, ప్రాణంలో 560. ఆర్మర్ 120 తగ్గింది. ప్రాణాన్నీ ఆర్మర్‌నూ కలిపి చూసే లెక్క ఒకటుంది: కవచం మీద ఎంత దెబ్బ పడితే మనిషి పడతాడు అన్నది. లెవెల్ 73 శత్రువు ముందు ఆర్మర్ ఆపే భాగం, ఆర్మర్‌ను ఆర్మర్‌కు 11,960 కలిపినదానితో భాగిస్తే వస్తుంది. మునుపు అది 52.8 శాతం, మొత్తం 27,353 తట్టుకునేవాడు. ఇప్పుడు 26,042. దాదాపు 4.8 శాతం తక్కువ.

ఈ అంకె చూసి గిల్డ్‌లో ఒకాయన గట్టిగా అడ్డం తిరిగినాడు. ట్యాంక్ ప్రాణం తగ్గించడమేంటని ఆయన వాదన. ఆ వాదనలో నిజం ఉంది. మంత్రాల దెబ్బలు ఎక్కువున్న బాస్‌ల దగ్గర నేనూ స్టామినాకే ఓటేస్తాను, అక్కడ బ్లాక్ పనికిరాదు. కానీ ప్రిన్స్ రెండో దశలో రెండు గొడ్డళ్ళతో వేగంగా కొట్టేవన్నీ చేతి దెబ్బలే. బఫ్‌లతో ప్రాణం 15,800 నుంచి 15,180కి దిగింది. పడే దెబ్బ మాత్రం 5,700 కాకుండా, బ్లాక్ పోను 3,530. మునుపు మూడు దెబ్బల్లో పోయేవాడు ఇప్పుడు నాలుగు తిని కూడా ఇంకా 1,060తో నిలబడతాడు. హీలర్‌కు ఆ ఒక్క దెబ్బ సందు చాలు.

ఆర్మర్ గురించి ఒక్క మాట. పెంచేకొద్దీ లాభం తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. శాతం నెమ్మదిగా పెరగడం నిజమే. కానీ తట్టుకోగల మొత్తం లెక్క వేస్తే ప్రతి వెయ్యి ఆర్మర్‌కూ అంతే లాభం, ఉన్న ప్రాణంలో 8.36 శాతం. అందుకే 60 శాతం దగ్గర ఐరన్‌షీల్డ్ పోషన్ తాగమన్నాను. రెండు నిమిషాలు 2,500 ఆర్మర్. తగిలే నష్టం సుమారు 9 శాతం తగ్గుతుంది. పోయిన 4.8 అక్కడే తిరిగొచ్చింది. ఆ దశలో ప్రిన్స్ మన ఆర్మర్‌ను తగ్గించే సండర్ ఆర్మర్ కూడా వేస్తాడు కాబట్టి ఇది మరీ అవసరం.

చేతి పని

షీల్డ్ ఆరినప్పుడు పడిన ఐదు క్రష్‌లను గేర్ ఆపలేదు. హోలీ షీల్డ్ పది సెకన్లుంటుంది, మళ్ళీ వేయడానికీ పది సెకన్లే పడుతుంది. కానీ దానికి ఛార్జీలున్నాయి, బ్లాక్ అయిన ప్రతి దెబ్బకూ ఒకటి ఖర్చవుతుంది. తమ్ముడు ఇంప్రూవ్డ్ హోలీ షీల్డ్ టాలెంట్ తీసుకోలేదు, అందుకే నాలుగే ఛార్జీలు. రెండు గొడ్డళ్ళ వేగానికి కొన్నిసార్లు ఏడో సెకనుకే అయిపోతున్నాయి. మిగతా మూడు సెకన్లు అతను దాదాపు ఉత్త చేతులతో ఉన్నట్టే. ఆ టాలెంట్‌కు రెండు పాయింట్లు పెడితే ఎనిమిది ఛార్జీలు. ఈ కేసులో అన్నిటికంటే చవకైన మందు ఇదే. 50 గోల్డ్ లోపే.

ఇంకొకటి. చిత్తూరు నుంచి యూరప్‌కు మాట పోయి రావడానికి అతనికి 190 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. పదో సెకనుకు సరిగ్గా కాన్సెక్రేషన్ అనే ఇంకో మంత్రం నొక్కి ఉంటే గ్లోబల్ కూల్‌డౌన్ (ఒకటి నొక్కాక ఇంకోటి నొక్కేదాకా ఆగాల్సిన సమయం) ఒకటిన్నర సెకను షీల్డ్ లేకుండా పోతుంది. ఎనిమిదిన్నర సెకన్లు దాటాక ఇంకేదీ ముట్టుకోవద్దని చెప్పినాను. ట్రైనింగ్ అంటే వేరేం లేదు, మూడు రాత్రులు ఒక్కడే నిలబడి ఆ తాళం అలవాటు చేసుకున్నాడు.

వీపు సంగతి కూడా చేతి పనే. ఇన్‌ఫెర్నల్ దగ్గరలో పడగానే కంగారులో వెనక్కి తిరిగి పరిగెత్తేవాడు. వెనకనుంచి వచ్చే దెబ్బను డాడ్జ్, ప్యారీ, బ్లాక్ ఏదీ చేయలేం. 102 కట్టుకున్నా, 58 కట్టుకున్నా ఆ క్షణంలో ఒకటే. ముఖం బాస్ వైపే పెట్టి పక్కకు జరగడం నేర్పినాను.

నవంబరు 27

మొదటి ప్రయత్నం మూడో దశలో పోయింది. ఇన్‌ఫెర్నల్ ఒకటి హీలర్ల మధ్య పడింది, ట్యాంక్‌కు దాంతో సంబంధం లేదు. రెండోసారి రెండో దశ మొదలైనప్పుడు వాయిస్‌లో ఎవరూ మాట్లాడలేదు. తమ్ముడి ప్రాణం ఒకసారి 4,000కు దిగింది, అక్క హీల్ పడింది, మళ్ళీ లేచింది. ప్రిన్స్ పడిపోయినాక అక్క మైకులో ఏడ్చేసింది.

లాగ్ ఆ రాత్రే చూసినాను. రెండు ప్రయత్నాల్లోనూ రెండో దశ మొత్తంమీద క్రష్‌లు రెండు. రికార్డుతో కలిపి చూస్తే రెండూ వీపు తిరిగిన క్షణాల్లోనే. షీల్డ్ వెలుగుతుండగా ఒక్కటి లేదు.

త్రెట్ మాత్రం తగ్గింది. పాత లిబ్రామ్ పోవడం వల్ల మొదటి పది సెకన్లు మంత్రాలతో కొట్టే మేజ్‌లు చేయి ఆపాల్సి వచ్చింది, ఇద్దరు దానికి సణిగినారు. వచ్చే వారానికి ఆయుధంలో స్పెల్ డ్యామేజ్ ఎంత పెంచగలమో చూస్తున్నాం. స్టామినా రాళ్ళున్న పాత హెల్మెట్ లాంటివి తీసేయకుండా బ్యాంకులో రెండో సెట్‌గా పెట్టించినాను, మంత్రాల బాస్‌లకు అవి కావాలి. ఆ రెండు క్రష్‌ల సంగతి చెబితే తమ్ముడు, "అన్నా, ఆ వీడియో పంపు. ఏ కాలు ముందు కదిలిందో చూస్తా" అన్నాడు.